ఆకు వండిన అన్నం

తమ్ముళ్లారా, వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడగగానే నాకు గుర్తొచ్చింది తొట్టిలోని ఓ మందార మొక్క.

మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. అమ్మ మిర్చి ఏరే కూలి. జనగామ హాస్టల్‌లో ఉండి నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. 2002లో వానలు పడలేదు, కూలి పనులు దొరకలేదు. "చదువు చాలు, ఇంటికి రా బిడ్డా" అని అమ్మ కబురు పంపింది. సాయంత్రం బస్సుకు పోదామని పొద్దున్నే పెట్టె సర్దుకున్నాను.

ఆ రోజే బడిలో ప్రయోగం. రెండు రోజులు చీకట్లో ఉంచిన మందార మొక్కను సైన్సు సారు ఎండలో పెట్టారు. ఒక ఆకులో సగానికి నల్ల కాగితం చుట్టారు. మధ్యాహ్నం ఆ ఆకును తెంపి నీళ్లలో ఉడికించారు. వేడినీళ్ల గిన్నెలో స్పిరిట్ గ్లాసు పెట్టి అందులో ఆకు వేస్తే పచ్చదనమంతా దిగిపోయింది. అయోడిన్ చుక్కలు వేశారు. ఎండ తగిలిన సగం నీలి నలుపైంది. కాగితం చుట్టిన సగం అట్లా మారలేదు, అక్కడ పిండిపదార్థం లేదు.

సారు వివరించారు. ఆకులోని పత్రహరితం ఎండను పట్టుకుంటుంది. ఆ శక్తితో నీటి అణువు విడిపోతుంది, ఆక్సిజన్ బయటికొస్తుంది. శక్తి ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థాల్లో చేరుతుంది. వాటి బలంతో గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ చక్కెరగా మారుతుంది. అదే పిండిపదార్థంగా నిలవుంటుంది. మనం తినే బువ్వ అదే.

నేను ఆ ఆకునే చూస్తూ ఉండిపోయాను. ఒకటే ఆకు, ఒకటే మొక్క. తేడా నల్ల కాగితమే. ఏడుపు ఆగక సారుతో సంగతంతా చెప్పేశాను. ఆదివారం ఆయనే మా ఊరొచ్చి అమ్మతో మాట్లాడారు. ఏం నేర్చుకున్నావని అమ్మ అడిగితే ఆకు సంగతి చెప్పాను.

"ఎండంత నా వీపు మీదనే పడ్తది. నా వీపు బువ్వ వండదు గదా బిడ్డా! నువ్వు పోయి సదువుకో" అంది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో సైన్సు చెబుతున్నాను. ఇక్కడి సింగరేణి బొగ్గు కూడా ఆకు కష్టమే. 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవులు ఎండను దాచుకుని, బురదలో పూడి బొగ్గయ్యాయి. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు వచ్చాయి. అక్కడ బొగ్గు మండితే ఆనాటి ఎండే కరెంటవుతుంది.

తమ్ముళ్లారా, ఇంటికి రమ్మని కబురొస్తే పెట్టె సర్దే ముందు సారుకు ఒక్క మాట చెప్పండి.