మురుగే మంచినీరు

విండ్‌హోక్ అంచున ఉన్న గోరెంగాబ్ జలాశయం దూరానికి ఇంపుగానే కనిపిస్తుంది. కానీ ఎగువన పెరిగిన బస్తీల కాలుష్యంతో, అందులోని నీటికన్నా ఒకసారి శుద్ధిచేసిన నగర మురుగే నయమనే స్థితి వచ్చింది. పక్కనున్న ప్లాంటుకు ఇప్పుడు ప్రధాన ముడిసరుకు ఆ మురుగే.

నమీబియా రాజధానికి వేరే దారీ లేదు. ఏడాదంతా పారే నదులు దేశ సరిహద్దుల్లోనే ఉన్నాయి. ఒకవాంగో దాదాపు 700 కి.మీ. దూరం. అందుకే మురుగును శుద్ధిచేసి నేరుగా కుళాయిలకు పంపడం 1968లోనే మొదలెట్టింది. ప్రపంచంలో అదే తొలిసారి. 2002లో వచ్చిన కొత్త ప్లాంటు సామర్థ్యం రోజుకు 2.1 కోట్ల లీటర్లు. ఓజోన్, కార్బన్, సూక్ష్మ వడపోత, క్లోరిన్ అన్నీ వరుసగా ఉన్నాయి. అసలు మెలకువ మాత్రం మురుగు కాలువల దగ్గరే ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని ఇళ్ల మురుగులో కలవనివ్వరు. శుద్ధిచేసిన నీటిని ఇతర జలాశయాల నీటితో కలిపే నగరానికి వదులుతారు. పరీక్షలో తేడా వస్తే ప్లాంటు గేటు దాటనివ్వరు.