జూలై 1వ తేదీ

పిల్లలూ! మీ తాతగారి పుట్టినతేదీ ఏమిటో ఎన్నడైనా అడిగారా? మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో నా ఈడువాళ్లు చాలామంది జూలై 1వ తేదీనే పుట్టినట్లు రాసి ఉంటుంది. దానికి కారణం గ్రహబలం కాదు, నాబోటి పంతుళ్లు! బిడ్డను బడిలో వేయవచ్చిన తండ్రికి తేదీ తెలియదు. బిడ్డ చెయ్యి తలమీదుగా పోయి అవతలి చెవిని అందుకుంటే, అయిదేళ్లు నిండినట్లు లెక్క. మేము తోచిన సంవత్సరం వేసి, జూలై 1 అని రాసేవాళ్లం.

2011లో నేను అక్కడి ఒక హైస్కూలులో హెడ్మాస్టరును. ఒకనాడు ఎనిమిదో తరగతి పిల్లవాడి తల్లి వచ్చింది. ఇంట్లో మగ్గాలకు కండెలు చుట్టే మనిషి. పదో తరగతి పాసై, పెళ్లి కావడంతో చదువు మానేసింది. అత్తగారు జబ్బుపడితే పదిరోజులు ఆస్పత్రిలో ఉండి, నర్సులు చేసే పనంతా చూసిందట.

"సార్, నేను నర్సు చదువులో చేరవచ్చునా?" అని మెల్లగా అడిగింది.

చేరవచ్చు. కాని ఇంటర్మీడియెటు పాసు కావాలి, వయస్సు ముప్పై అయిదు దాటరాదు. సర్టిఫికెట్టు ప్రకారం ఆమె పుట్టినది 1978 జూలై 1. ఓపెన్ స్కూలులో ఏడాదిలో పాసైతే సరి. తప్పితే మరుసటి ఏటికి వయస్సు మించిపోతుంది.

"మా అమ్మ లెక్కకు నేను ఏడాది చిన్న సార్," అన్నది ఆమె.

ఆమె ఊరి చిన్న బడి పాత రిజిస్టరు తెప్పించి చూశాను. 1983 నాటి పుట అది. అక్షరాలు నావే! నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బడిలోనే పనిచేశాను. పదో తరగతి సర్టిఫికెట్టులోకి ఎక్కిన తేదీని ఇన్నేళ్లకు మార్పించడం మాటలు కాదు. నేను చేసిన తప్పు ఆమెతో చెప్పేశాను. ఆమె ఏమీ అనలేదు. "అయితే ఇంగ్లీషు మీరే చెప్పాల సార్," అన్నది.

ఆ ఏడాదంతా సాయంత్రాలు ఆమెకు పాఠం చెప్పాను. మధ్యమధ్య దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ చెప్పేవాణ్ణి. చిన్నతనంలో బడి విడిచిన ఆవిడ, పెద్దయ్యాక మెట్రిక్ మొదలు చదివి, 1942లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు. ఆవిడ నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, చదువు ఆగిపోయిన స్త్రీలకోసం ప్రత్యేక తరగతులు మొదలుపెట్టింది.

ఆమె ఇంగ్లీషులో ఎలాగో గట్టెక్కింది. 2012లో కర్నూలులో సీటు వచ్చింది. అప్పట్లో అది మూడున్నర ఏళ్ల చదువు. ఇక్కడే చిక్కు వచ్చింది. కొడుకు వారంరోజులు తల్లితో మాట్లాడలేదు. "అందరి అమ్మలూ ఇంట్లో ఉంటారు," అని నా దగ్గర ఏడ్చాడు. వాడి మాటా నిజమే. నాకు జవాబు తోచలేదు.

తల్లి సెలవుకు వచ్చినప్పుడు ఒక లెక్క తెచ్చింది. అర లీటరు సెలైను నాలుగు గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? ఆమెకు కుదరలేదు. వాడు పక్కకు వచ్చి కూర్చుని, 500ను 20తో గుణించి, 240తో భాగించి, "సుమారు నలభై రెండమ్మా," అన్నాడు. మీరూ చేసి చూడండి. ఆనాటినుంచి అమ్మ లెక్కలన్నీ వాడివే. వాళ్ల నాన్న రొట్టెలు తట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో అవి రొట్టెల్లా ఉండేవి కావు!

ఇప్పుడామె ఆదోనిలో ఒక ఆస్పత్రిలో నర్సు. పోయిన నెల నేను రక్తపోటు చూపించుకోబోతే, చీటీ తీసి, "పుట్టినతేదీ చెప్పండి సార్," అన్నది.

"జూలై 1," అన్నాను.

ఆమె నా ముఖంకేసి చూసి, నవ్వుతూ రాసుకున్నది.