కుళ్ళాయి ఎవరిది?

దూదేకులోళ్ళ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కుంచె పట్టుకుంటే ఏం గీయాలి? ఈ ప్రశ్న నాకై నేను వేసుకున్నది కాదు. నా బొమ్మలు చూసినోళ్ళు వేసింది.

హైదరాబాదులో నలుగురితో కలిసి నేనూ మూడు బొమ్మలు పెట్టాను. ఒకటి దూది ఏకే విల్లు. ఒకటి వాన లేక మాడిపోయిన శెనక్కాయ చేను. మూడోది తాళం పడ్డ ఇంటి తలుపు. ఒక పెద్దమనిషి చాలాసేపు చూసి, "బాగున్నాయమ్మా, కానీ వీటిల్లో ముస్లిం ఏడీ?" అన్నాడు. ఆయనకు మీనారు కావాలి, నెలవంక కావాలి, బురఖా కావాలి. అవి మా బతుకులో లేవని కాదు. అవి మాత్రమే మేమంటే ఎట్లా?

రెండో పక్క నుంచి ఇంకో ప్రశ్న. "ఉర్దూ రాదా? మరి నువ్వేం ముసల్మానువి?" మా ఇంట్లో మాట తెలుగే. మా జేజి నమాజు అయినాక చేతులు పైకెత్తి అల్లాను అడిగేది కూడా తెలుగులోనే: "సామీ, వాన పడనీ, పిల్లోళ్ళు సల్లగుండనీ." ఊరోళ్ళకు మేం సాయిబులం. ఉర్దూ మాట్లాడే మావోళ్ళకు పింజారోళ్ళం. సర్కారు జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని పేర్లన్నీ బీసీ-బి కింద ఒకే వరసలో ఉంటాయి. మాకు పేర్లకు కరువు లేదు. నిలబడే చోటుకే కరువు.

అసలు కరువు సంగతీ చెప్పాలి. అనంతపురం పడమటి కనుమల చాటున పడిపోయింది. నైరుతి మబ్బులు ఆ కొండల దగ్గరే ఖాళీ అయి వస్తాయి. తూర్పు సముద్రం దూరం, తుపాన్ల వాన ఇక్కడి దాకా సరిగా అందదు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లు పడితే అదే మాకు మంచి కాలం. అది కూడా శెనక్కాయ ఊడలు దిగే రోజుల్లో మొహం చాటేస్తే అయిపాయె. రైతు చేతిలో డబ్బు ఆడితేనే ఆ ఇంట్లో పెళ్ళి, పెళ్ళయితేనే కొత్త పరుపు, పరుపుంటేనే మా నాయన విల్లుకు పని. సెంటు భూమి లేకపోయినా కరువు మా ఇంటికి కూడా వచ్చేది. ఆ తర్వాత దూది మిషన్లు వచ్చినాయి, వాటి వెనకాలే ఫోం పరుపులు వచ్చినాయి. విల్లు అటక ఎక్కింది.

పెద్దన్న బెంగుళూరు పోయినాడు. అద్దె ఇల్లు దొరకాలంటే పేరు కొంచెం మార్చి చెప్పమని సలహా ఇచ్చినోళ్ళున్నారు. చిన్నన్న కువైట్ పోయినాడు. అక్కడి అరబ్బులు వాణ్ణి 'హిందీ' అంటారంట, అంటే ఇండియావాడు అని. ఇక్కడేమో "మీరు యాడ నుంచి వచ్చినారు?" అని అడుగుతారు. తాళం పడ్డ తలుపు బొమ్మ ఇదే. ఇంతకన్నా ముస్లిం బొమ్మ నేనెక్కడ తెచ్చేది?

జరీనా హష్మీ అనే చిత్రకారిణి 1937లో అలీగఢ్‌లో పుట్టారు. దేశాలు తిరిగి న్యూయార్క్‌లో ఉన్నారు. 2020లో లండన్‌లో పోయారు. 1999లో 'హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్' పేరుతో 36 చెక్క అచ్చు బొమ్మలు చేశారు. ఒక్కో బొమ్మకు ఒక్కో ఉర్దూ మాట. ఆ వరస చూసి నాకు ధైర్యమొచ్చింది. నాకు ఆ లిపి రాదు. నా మాటలు వేరే: గడప, దూది, బొంత, వాన, వలస. రంగు కూడా ఇక్కడిదే. చేని ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి, రాళ్ళూ ఇసకా అడుగుకు దిగినాక పైన తేరిన సన్నమట్టిని ఆరబెట్టి, తుమ్మజిగురుతో నూరుకుంటాను.

మట్టి తర్వాత నాకు పాఠం చెప్పింది లేపాక్షి. వీరభద్రస్వామి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో మగవాళ్ళ నెత్తిన పొడుగాటి మొనటోపీలు చూడండి. వాటిని కుళ్ళాయి అంటారు. ఆ మాట పారశీకపు 'కులాహ్' నుంచి వచ్చింది. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహానికీ అట్లాంటి టోపీనే. విజయనగరం రాజులు సుల్తానులతో యుద్ధాలూ చేశారు, వాళ్ళ టోపీలూ పెట్టుకున్నారు. మాకు చెప్పిన చరిత్రలో యుద్ధాలొక్కటే ఉన్నాయి. టోపీ లేదు.

నార్పల దగ్గర గూగూడులో మొహరం నాడు లేచే పీరు పేరు కుళ్ళాయిస్వామి. పక్కనే ఆంజనేయుడి గుడి. అన్ని కులాలోళ్ళూ మొక్కుకుని పిల్లలకు కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. లేపాక్షిలో ప్రభువుల నెత్తిన ఉన్న మాట గూగూడులో కూలోళ్ళ పిల్లల పేరైంది. 2022లో జిల్లా చీలి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, గూగూడు అనంతపురంలోనే ఉంది. ఆ మాట మాత్రం రెండు పక్కలా ఉంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలోళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారు, తెర మీద తెలుగు రామాయణం ఆడతారు. వాళ్ళలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మా జిల్లాకు గర్వం. ఇంట్లో వేరే మాట ఉన్నా వాళ్ళు ఇక్కడోళ్ళే, అట్లాగే ఉండాలి. ఇంట్లో తెలుగే ఉన్న మేం ఎందుకు కాకుండా పోతాం?

ఇప్పుడు ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టాను. కువైట్ పోయే పిల్లోళ్ళు సూట్‌కేసులు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. అందరి నెత్తినా లేపాక్షి కుళ్ళాయిలే. నేల రంగు గూగూడు మట్టి. కింద నా పేరు తెలుగు అక్షరాల్లో రాస్తాను, ముందర 'దూదేకుల' అని కూడా. పెద్దన్న నోరు నొక్కుకుని చెప్పాల్సి వచ్చిన పేరు అక్కడ పెద్దగా ఉంటుంది.