మారిషస్‌లో తెలుసుకున్న సంగతులు

మారిషస్ అంటే మన వాడల్లో చాలామందికి సినిమా పాటల్లో కనబడే నీలం సముద్రమే. మా అల్లుడు అక్కడ ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బిడ్డా అల్లుడూ పిలిస్తే నేనూ మా ఇంటామే పోయి నెల రోజులు ఉండి వచ్చినం. సముద్రం బాగానే ఉంది. కానీ నన్ను ఆశ్చర్యపెట్టినవి వేరే ఉన్నాయి. అవి మన షోలాపూర్ వాళ్లకూ, మిగతా ఊళ్లలోని మన వాళ్లకూ తెలియాలని రాస్తున్నాను.

మొదటి సంగతి, ఆ దీవి అగ్నిపర్వతం నుంచి పుట్టింది. సముద్రం అడుగు నుంచి నిప్పు ఎగదన్ని, చల్లారి, గట్టిపడి నేల అయింది. దాని వయసు సుమారు 80 లక్షల ఏళ్లట. ఇప్పుడు మంట లేదు. క్యూర్‌పిప్ అనే ఊళ్లో అగ్నిపర్వతం నోరు చూసినం. పెద్ద గిన్నె లాగా గుంట, లోపలంతా చెట్లు, అడుగున కొంచెం నీళ్లు. చుట్టూ జనం ఇళ్లు కట్టుకుని నిమ్మళంగా ఉన్నారు. అయితే సుమారు 200 కిలోమీటర్ల అవతల ఉన్న రీయూనియన్ దీవిలో అగ్నిపర్వతం ఇప్పటికీ మాటిమాటికీ నిప్పు కక్కుతూనే ఉంటుంది.

షమరెల్ అనే చోట మట్టి ఏడు రంగుల్లో ఉంటుంది. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు, ఇట్లా. లావా చల్లబడి మట్టిగా మారినప్పుడు అందులోని ఇనుము, అల్యూమినియం వల్ల ఆ రంగులు వచ్చాయట. మా మిల్లులో రంగుల ఖాతా వాళ్లు ఎన్ని పీపాలు కలిపినా అన్ని ఛాయలు తేలేదు.

ఇంకో సంగతి. ఆ దీవికి అసలు స్థానికులు అనే వాళ్లే లేరు. 1598లో డచ్చి వాళ్లు దిగేనాటికి అక్కడ కాపురమున్న మనిషే లేడు. డోడో అనే ఎగరలేని పెద్ద పక్క పిట్ట ఉండేది. నూరేళ్లు తిరక్కముందే అదీ అంతరించింది. డచ్చి వాళ్ల తర్వాత ఫ్రెంచి వాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషు వాళ్లు ఏలారు. అంటే అక్కడి వాళ్లందరూ బయటి నుంచి వచ్చిన వాళ్లే. ‘మీది ఏ ఊరు, ఎప్పుడొచ్చారు’ అని మనల్ని ఇక్కడ అడుగుతారు కదా. అక్కడ ఆ ప్రశ్న ఎవరు ఎవరిని అడగాలి?

చెరకు తోటల నడుమ నల్లరాళ్ల కుప్పలు కనబడతాయి. కొన్ని ఇంటి ఎత్తున ఉన్నాయి. గుడి గోపురాలేమో అనుకుంది మా ఇంటామె. అవి లావా రాళ్లు. నేల దున్నాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి. ముందు ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు, తర్వాత మన దేశం నుంచి పోయిన కూలీలు చేతులతో ఏరి పోసిన కుప్పలవి.

బానిసత్వం 1835లో పోయింది. తోటలకు మనుషులు కావాలి కాబట్టి 1834 నుంచే మన దేశం కూలీలను అయిదేళ్ల ఒప్పందం మీద ఓడల్లో తీసుకుపోయారు. మొత్తం దాదాపు అయిదు లక్షల మంది. పోర్ట్ లూయీ రేవులో వాళ్లు దిగిన చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. అక్కడ 16 రాతి మెట్లున్నాయి. నేను చెప్పులు విడిచి ఎక్కాను.

వాళ్ల జీతం నెలకు అయిదు రూపాయలు, పైన బియ్యం, పప్పు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. దాన్ని ‘డబుల్ కట్’ అనేవారు. మిల్లులో ఖాడాలు, కోతలు చూసిన మనకు ఇది వివరించనక్కర్లేదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. 1871లో 9,401 మంది కూలీలు ఒక్క అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. దాని మీద విచారణకు లండన్ నుంచి కమిషనే వచ్చింది.

ఆ కూలీల్లో మన తెలుగు వాళ్లూ ఉన్నారు. యానాం పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కిన వాళ్లు గనుక వాళ్లను ‘కోరంగీలు’ అన్నారు. ఇప్పుడు వాళ్లు ఇంట్లో మాట్లాడేది క్రియోల్ భాష. కానీ ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్న పండగ చేస్తారు, దీపం చుట్టూ రామభజన చేస్తారు. బడిలో పిల్లలకు తెలుగు నేర్పిస్తారు. ఒక గుడి దగ్గర ఒక పెద్దాయన నన్ను ఫ్రెంచి యాసతో ‘బాగున్నారా’ అని అడిగాడు. ఆ ఒక్క మాట తర్వాత మా ఇద్దరికీ హిందీయే దిక్కయింది. మన మనవలు బడిలో మరాఠీ, ఇంగ్లీషు చదువుతున్నారు. మాట్లాడటం వస్తుంది, చదవటం రాదు. వాళ్లకు చదవటం వస్తుంది, మాట్లాడటం పోయింది. రెంట్లో ఏది మేలో నాకు తోచలేదు.

అల్లుడి ఫ్యాక్టరీ సంగతి కూడా చెప్పాలి. 1970లో ఎగుమతుల చట్టం తెచ్చాక అక్కడ బట్టల ఫ్యాక్టరీలు బాగా పెరిగాయి. 2005లో ప్రపంచ మార్కెట్లో బట్టల కోటా పద్ధతి పోయేసరికి చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఎంతోమంది ఆడవాళ్లు పని పోగొట్టుకున్నారు. గేటుకు తాళం పడటం అక్కడా ఒకటే.

అన్నిటికన్నా నా మనసులో నిలిచింది కాగితాల సంగతి. వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు రాసిపెట్టారు. తర్వాత ఫొటోలూ తీశారు. అప్పుడవి మనిషిని కట్టడి చేయటానికి. కాగితం చేతిలో లేకుండా బయట తిరిగితే పట్టుకునేవారు. ఇప్పుడు అవే కాగితాలు మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ముని మనవలు పోయి తాత కాగితం తీసుకుని, ఆయన ఊరు ఏదో తెలుసుకుంటున్నారు.

మనకూ మిల్లు టికెట్ నంబరుండేది. మా మిల్లు మూతపడ్డాక పాత రిజిస్టర్లు చెదలు తిన్నాయి. మన తాతలు ఏ ఊరి నుంచి, ఏ కరువులో, ఎవరి వెంట నడిచి వచ్చారో మన కోసం ఏ సర్కారూ రాసిపెట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించండి. ఏ భాషలో రాసినా సరే. ఊరి పేరు మాత్రం తెలుగులో రాయించండి.