అడుగుల లెక్క

పోయినేడాది ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 అని వచ్చిందండి. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరుకి ముందు మెట్టట. తాతకి షుగరు, నాన్నకి షుగరు, నాకేమో ఇంకా ఇరవయ్యెనిమిదే. ఆ రాత్రే ఓ ఫిట్‌నెస్ బాండు ఆర్డరు చేసేశా. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా.. బూట్ల కన్నా ముందు గాడ్జెట్ కొంటాం :)

నిద్ర, గుండె, స్ట్రెస్సు, ఆక్సిజను.. అన్నీ చెప్తుందది. మొదటి వారం నేను నడిచిందానికంటే గ్రాఫులు చూసుకున్నదే ఎక్కువ. గతుకుల రోడ్డు మీద బండేసుకుని ఆఫీసుకెళ్తే నాలుగొందల అడుగులు కలిపేసేది. సూపర్‌మార్కెట్లో ట్రాలీ తోస్తూ గంట తిరిగితే మాత్రం సగం మింగేసేది. దాని తప్పు కాదులెండి. లోపలున్న యాక్సెలరోమీటరుకి తెలిసింది మణికట్టు ఊపొక్కటే, కాళ్ళ సంగతి దానికేం తెలుసు?

ఓ రాత్రి పదకొండింటికి లెక్క 9,200 దగ్గరుంది. టార్గెట్ పదివేలు. సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ చెయ్యి ఊపడం మొదలెట్టా. ఊరి నుంచి వచ్చిన అమ్మ చూసి, "దోమల్ని తోలుతున్నావేంట్రా?" అంది. ఏం చెప్పను?

ఇంతకీ ఈ పదివేల కథేంటంటే.. 1965లో జపాన్లో యమాసా అనే కంపెనీ ఓ పెడోమీటరు అమ్మింది. పేరు మాన్పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. పేరే టార్గెట్ అయి కూర్చుంది! 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద ఓ అధ్యయనం వచ్చింది. అందులో 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు.

నేను చూసినవాటిలో మంచి ట్రాకరంటే చిలుకూరు బాలాజీ గుళ్ళో ప్రదక్షిణలకిచ్చే కార్డే. (వీసా కోసం వెళ్ళినవాళ్ళకి పరిచయమే!) ఒకటి నుంచి 108 దాకా అంకెలు, చుట్టుకో టిక్కు. లాగిన్ లేదు, చార్జింగ్ లేదు. "శభాష్, నువ్వు 83 శాతం మందికన్నా ముందున్నావు" అని చెప్పదు. కూర్చుని టిక్కులు పెట్టుకోవాలంటే మాత్రం దేవుడి భయం ఉంటుంది.

ఇప్పుడు నా బాండులో నోటిఫికేషన్లన్నీ ఆపేశా. టార్గెట్ 7,000. రోజు లెక్క చూడను, ఆదివారం వారం సగటు ఒక్కటే చూస్తా. మార్చిలో మళ్ళీ రక్తం ఇస్తే 5.8 వచ్చింది. తగ్గింది నడకవల్లో, రాత్రిళ్ళు అన్నం తగ్గించినందువల్లో బాండుకీ తెలీదు, నాకూ తెలీదు.

నిన్న ఫోన్లో నాన్న, "నాకూ ఒకటి పంపరా" అన్నారు. ఆయనకి ఫోన్లో ఓటీపీ వస్తేనే కంగారు. జేబులో వేసుకునే పాతరకం పెడోమీటర్లు చూస్తున్నా. గుండ్రటి బాటరీ ఒకటేస్తే నెలల తరబడి పనిచేసేవి. అంకెలు మాత్రం కళ్ళజోడు లేకుండా కనపడాలి, అలాంటిది ఇంకా దొరకలేదు.