మలుపులో కటకట

శంషాబాద్‌లో బండ్ల రిపేరు పనికి రాత్రీపగలూ తేడా లేదు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు పల్లెల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్లు ఇక్కడికే వస్తారు. వెళ్లేది ఒక్కడైనా సాగనంపడానికి ఇంటిల్లిపాదీ కదులుతారు. అందుకే ఏడు సీట్ల బండికి ఈ దారిలో గిరాకీ తగ్గదు. నా చేతికి వచ్చే పాత బండ్లలో 2012లో మార్కెట్లోకి వచ్చిన మొదటి తరం ఎర్టిగాలు ఉంటాయి. వాటి డ్రైవర్లు చెప్పే బాధ చాలాసార్లు ఒకటే: "అన్నా, స్టీరింగు మొత్తం తిప్పితే ముందల కటకటమంటున్నది."

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే బండి కట్టుబడి తెలియాలి. పాత ఇన్నోవా, తవేరాల్లో ఇంజిన్ బలం వెనక చక్రాలకు పోతుంది. ఎర్టిగాలో ముందు చక్రాలే బండిని లాగుతాయి, పక్కకు తిరిగేవీ అవే. రెండు పనులూ కలిసి జరగాలంటే గేర్‌బాక్స్ నుంచి చక్రానికి పోయే యాక్సిల్ తిరుగుతూనే వంగాలి. దానికోసం రెండు కొసలకూ సీవీ జాయింట్లు ఉంటాయి. చక్రం వైపు జాయింట్‌లో ఆరు ఉక్కు గుండ్లు గాళ్లలో దొర్లుతూ, ఎంత వంపులోనైనా చక్రాన్ని ఒకే వేగంతో తిప్పుతాయి. 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు రూపొందించిన పద్ధతి ఇది. అంబాసిడర్, పద్మినీల మీద చేయి తిరిగిన మన మేస్త్రీలకు ఇది 1983 డిసెంబరులో మారుతీ 800తో పాటు వచ్చిన కొత్త చదువు. నా తరం మెకానిక్‌లం ఆ చదువు మీదే బతుకుతున్నాం.

గుండ్లు వాటంతటవి త్వరగా అరగవు. వాటిని కాపాడేది ముడతల రబ్బరు బూటు. అది చిరిగిన రోజు నుంచే యాక్సిల్‌కు చెడ్డకాలం మొదలవుతుంది. చక్రం తిరిగే వేగానికి గ్రీజు చిమ్మి రిమ్ము లోపలి వైపు నల్లగా అంటుకుంటుంది. ఖాళీ అయిన చోటికి మట్టీ నీళ్లూ చేరి గుండ్లను నమిలేస్తాయి. 2020 అక్టోబరు వానలకు చెరువు తెగి ఇక్కడికి దగ్గర్లోని గగన్‌పహాడ్ వద్ద హైవే మీదికి వరద వచ్చింది. అలాంటి నీళ్లలో నిలిచిన బండి ఏది వచ్చినా నేను ముందు చూసేది ఈ బూట్లనే.

చప్పుడును చెవితో వేరు చేయడం ఈ పనిలో సగం. మలుపులో కటకటమంటే చక్రం వైపు జాయింట్. తిన్నగా పోతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి వణికితే గేర్‌బాక్స్ వైపు జాయింట్‌ను అనుమానించాలి. వేగంతో పాటు పెరిగే హోరు అయితే చాలావరకు వీల్ బేరింగ్‌ది. ఇది తేల్చకుండా యాక్సిల్ విప్పితే డ్రైవర్ డబ్బు వృథా.

యాక్సిల్ మార్చే పని మా ఇంటి ముందు సిమెంటు గచ్చు మీదే చేస్తాను. లిఫ్టు ఉండదు కాబట్టి జాగ్రత్త రెట్టింపు. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, చక్రం నేల మీద ఉండగానే హబ్ నట్టు నొక్కు విప్పి వదులు చేస్తాను. తర్వాత జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెడతాను. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరడం ప్రాణాలతో చెలగాటం. ఈ విషయంలో ఎవరి తొందరనూ ఒప్పుకోను.

గేర్ ఆయిల్ దించి, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ విడదీసి, స్టీరింగ్ నకల్‌ను బయటికి జరిపితే యాక్సిల్ పళ్లు హబ్‌లోంచి జారతాయి. బ్రేక్ గొట్టం లాగుడు పడకుండా చూడాలి. తుప్పుతో పట్టేస్తే పాత నట్టు కొస దాకా ఎక్కించి, చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టాలి. సుత్తి నేరుగా తగిలితే మర చెడుతుంది. రెండో కొసను షాఫ్ట్ పట్టుకుని లాగితే లోపలి జాయింట్ ఊడుతుంది. అలా లాగకుండా గేర్‌బాక్స్‌కూ జాయింట్‌కూ నడుమ రాడ్డు పెట్టి ఎగదోయాలి.

కొత్తదాన్ని ఎక్కించేముందు పాతదాని పక్కన పెట్టి పొడుగూ పళ్లూ సరిచూస్తాను. కుడి ఎడమలు ఒకటి కావు. రాణిగంజ్ విడిభాగాల మార్కెట్‌లో తక్కువ ధరకు దొరికిందని తెచ్చిన సామాను ఇక్కడే బయటపడుతుంది. ఆయిల్ సీల్, సర్‌క్లిప్ కొత్తవి వేసి, సీల్ అంచు గీరుకోకుండా నెమ్మదిగా దూర్చాలి. క్లిప్ టక్కున కూర్చున్నాక ఒకసారి లాగి చూసి నిర్ధారించుకోవాలి. హబ్ నట్టు కూడా కొత్తదే. దాన్ని కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించి అంచు నొక్కేయాలి. అది బిగించకుండా బండి బరువు చక్రం మీద వేసి నడిపితే బేరింగ్ పాడవుతుంది. చివరగా గేర్ ఆయిల్ మట్టం దాకా పోయాలి. తర్వాత రెండు వైపులా స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపి చూస్తాను.

"కిస్తీ కట్టాలె, ఇయ్యాల ఆపలేనన్నా" అంటాడు డ్రైవర్. అతని ఇబ్బంది నాకు తెలుసు. కానీ జాయింట్ పూర్తిగా విరిగితే ఇంజిన్ నడుస్తున్నా బండి కదలదు. 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి వస్తున్నవాళ్లు అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగిపోతే విమానం తప్పిపోతుంది. అప్పు చేసి వీసా తెచ్చుకున్నవాడికి ఆ నష్టం యాక్సిల్ ఖరీదుతో పోల్చదగింది కాదు.

బూటు చిరిగిన తొలి రోజుల్లోనే తెస్తే కొత్త బూటు, గ్రీజుతో సరిపోతుంది. కటకట మొదలయ్యాక వస్తే యాక్సిలే మార్చాలి. అందుకే ఇంజిన్ ఆయిల్ మార్చడానికి వచ్చిన ప్రతి ఎర్టిగా కిందా టార్చి వేసి నాలుగు బూట్లూ చూసి, ఎలా ఉన్నాయో అడగకముందే చెబుతాను. మెకానిక్ అన్నవాడు చేయాల్సిన మొదటి పని ఇదని నా నమ్మకం.