వాట్సాప్ వైద్యం

మా వేంపల్లెలో పశువులకు ఆసుపత్రి ఉంది, మనుషులకు ఆసుపత్రులున్నాయి, బోరు మోటారు కాలిపోతే చుట్టి ఇచ్చేవాళ్ళున్నారు. వాట్సాప్ మొరాయిస్తే చూసే నాథుడు మాత్రం లేడు. సెల్‌ఫోన్ల అంగడివాళ్ళకు పగిలిన అద్దం మార్చడం తెలుసు గానీ, మాట అందకపోతే ఎందుకు అందలేదో కూర్చుని చెప్పే తీరిక ఎక్కడిది? అందువల్ల కడపలో చదువుకుంటూ శనాదివారాలు ఊరికి వచ్చే నాబోటివాణ్ణి మా వీధివాళ్ళు ఈ ఉద్యోగానికి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నామినేషను వేయకుండా, కరపత్రం పంచకుండా నాకు దక్కిన పదవి ఇదొక్కటే. బస్సు దిగి సంచి ఇంట్లో పెట్టేలోపే ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి, "ఏమబ్బీ, దీంట్లో మాట పోల్యా, రోంత చూడు" అంటారు.

ఈ విద్యకు మా వైపు ఇంత గిరాకీ ఎందుకంటే, కారణం కువైట్. మా జిల్లా నుంచి వేలమంది అక్కడికి పోయి డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పనివాళ్ళుగా బతుకుతున్నారు. వెనకటి రోజుల్లో వాళ్ళ క్షేమ సమాచారం ఉత్తరంలో వచ్చేది. చదువు వచ్చిన పిల్లవాడొకడు అరుగు మీద కూర్చుని దాన్ని చదివి వినిపించేవాడు. చావు కబురైతే టెలిగ్రాం వచ్చేది. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ముగిసిపోయింది. 2009లో అమెరికాలో పుట్టిన వాట్సాప్‌లో గొంతు పంపే సౌకర్యం వచ్చింది కూడా ఆ ఏడాదే. అక్షరం ముక్క రాని తల్లి కూడా బొటనవేలు అదిమిపట్టి కొడుకుతో మాట్లాడగలగడం చిన్న సంగతి కాదు. కనుకనే అది ఆగిపోతే ఇంట్లో పొయ్యి వెలిగించడానికి మనసు రాదు.

నా వైద్యంలో మొదటి సూత్రం నాడి చూడటం. మెసేజి పక్కన ఉండే గుర్తే దాని నాడి. చిన్న గడియారం కనిపిస్తే మాట ఇంకా మన ఫోను గడప దాటలేదని అర్థం. అప్పుడు మన నెట్ ఉందా, రీచార్జి అయిపోయిందా, పిల్లలు ఆడుకుంటూ ఫ్లైట్ మోడు నొక్కినారా అని చూడాలి. ఒక్క రైటు మార్కు పడితే మాట మన ఫోను నుంచి బయలుదేరి కంపెనీ సర్వరుకు చేరింది, అవతలి ఫోనుకు ఇంకా చేరలేదు. రెండు రైట్లు పడితే చేరింది. రెండూ నీలంగా మారితే తెరిచి చూశారు. ఈ నీలం రంగు 2014 నవంబరులో వచ్చింది. ఇష్టం లేనివాళ్ళు దాన్ని కనబడకుండా ఆపుకోవచ్చు కూడా. కాబట్టి "చూసి కూడా పలకల్యా" అనే తగాదాలకు, "చూడనే లేదు" అనే తగాదాలకు నేను తీర్పు చెప్పను.

ఈ నాడి తెలియకపోవడం ఎంతదూరం తీసుకుపోతుందో మొన్నటి చలికాలంలో చూశాను. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఒక్కగానొక్క కొడుకు కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. "నాలుగు దినాలాయ నాయనా, ఎన్నిసార్లు పలికించినా ఒంటి రైటే పడుతోంది. ఫోను చేసినా కలవడంల్యా. పిల్లోనికి ఏమైందో ఏమో" అంటూ వచ్చింది. ఆమె ముఖం చూస్తే అన్నం తిని రెండు రోజులైనట్టుంది. వీధిలో తలా ఒక మాట అనేశారు. సిమ్ము మార్చినాడేమో అని ఒకరు, సేటు ఫోను గుంజుకున్నాడేమో అని ఒకరు, నిన్ను బ్లాక్ చేసినాడేమో అని ఇంకొకరు. వీటన్నిటికన్నా ప్రమాదమైన సలహా మరొకటి: "వాట్సాప్ తీసేసి మళ్ళీ ఎక్కించు, అదే సర్దుకుంటుంది." ఆమె వేలు అప్పటికే దాని మీద ఉంది.

"ఉండు పెద్దమ్మా" అని ఫోను పక్కన పెట్టించాను. ఎందుకంటే రెండేళ్ళ కిందట చనిపోయిన పెదనాన్న గొంతు ఆ ఫోనులోనే ఉంది. చీనీకాయల లోడుతో పోయినప్పుడు దారిలో పంపిన నాలుగు మాటలు: "రేపు పొద్దున వస్తా, నాకోసరం కనిపెట్టుకోని ఉండాకు, తిని పండుకో." ఆమె దాన్ని ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. ఒకసారి అందిన మెసేజిని వాట్సాప్ తన సర్వరులో దాచిపెట్టదు. అది ఉండేది మన ఫోనులోనే. బ్యాకప్ లేకుండా యాప్ తీసేస్తే, లేదా సెట్టింగ్స్‌లో 'క్లియర్ డేటా' నొక్కితే, తిరిగి వస్తుందన్న పూచీ లేదు. అందుకని అన్నిటికంటే ముందు సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్ అనే వరుసలో పోయి ఆమె గూగుల్ ఖాతాలోకి బ్యాకప్ తీశాం. ఆ పని ముగిశాకే నాడి పట్టాను.

ఆమె ఫోను నుంచి నాకొక మెసేజి పంపమన్నాను. క్షణంలో రెండు రైట్లు పడ్డాయి. అంటే ఆమె ఫోనుకు ఏ జబ్బూ లేదు. దాన్ని తీసి ఎక్కించినా ఒరిగేది లేదు. అడ్డు అవతలి ఒడ్డున ఉంది. అక్కడ ఫోను ఆగిపోయి ఉండవచ్చు, సిగ్నలు లేకపోవచ్చు, నంబరు మారి ఉండవచ్చు. బ్లాక్ చేసినా ఒక్క రైటే పడుతుంది, నిజమే; కానీ అది వరుసలో చివర తలచవలసిన మాట గానీ మొదట అనవలసిన మాట కాదు. కొడుకుతో ఒకే గదిలో ఉండే మనిషి నంబరు ఆమె దగ్గరే ఉంది. అయితే కాగితంలో 00965 అని రాసి ఉన్నది ఉన్నట్టే ఎక్కించినందువల్ల ఆ పేరు వాట్సాప్‌లో కనబడటం లేదు. ముందరి సున్నాలు తీసి, కూడిక గుర్తు పెట్టి, 965, ఆ తర్వాత ఎనిమిది అంకెలు వేయగానే మనిషి దొరికాడు. సంగతి తేలింది. చలికాలంలో కువైట్ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని గడపడం అక్కడి ఆచారం. యజమాని కుటుంబంతోపాటు డ్రైవరూ పోయినాడు. వాళ్ళు దిగినచోట సిగ్నలు సరిగా లేదు.

"మరి నేను పలికిందంతా పోయిందా?" అని అడిగింది పెద్దమ్మ. పోదు. అందని మెసేజిని సర్వరు 30 రోజుల దాకా అట్టిపెట్టుకుంటుంది. మూడోనాడు రాత్రి ఆమె ఫోనులో రైట్లన్నీ ఒక్కసారిగా జంటలయ్యాయి. మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉండే ఆ దేశం నుంచి, "మా, బాగుండా. నువ్వు తిన్న్యావా?" అని గొంతు వచ్చింది.

మిగతా జబ్బులు ఇంత ఏడిపించవు. ఒక చిన్నాయన ఫోనులో ఏది పంపినా పోయేది కాదు. నెట్ నిండుగానే ఉంది. చూస్తే ఫోనులో తేదీ రెండేళ్ళు వెనక్కి ఉంది. ఫోనూ సర్వరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే పత్రాలకు గడువు తేదీలుంటాయి. మన గడియారం తప్పితే ఆ పత్రం చెల్లదు. తేదీ, సమయం తమంతట తాము సరిపడేలా పెడితే చాలు. ఇంకొకరికి ఫోటోలు దిగవు. శుభోదయం పువ్వులు, దేవుళ్ళ వీడియోలు ఫోనంతా నిండి, ఆవగింజకు కూడా చోటు ఉండదు. 'మేనేజ్ స్టోరేజ్' అనే చోట పెద్ద వీడియోలు, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి వేరుగా చూపిస్తుంది, అక్కడ ఊడ్చుకోవాలి. కొందరికి యాప్ తెరిస్తే తప్ప మెసేజి వచ్చినట్టు తెలియదు. అది బ్యాటరీ పొదుపు చేసే ఏర్పాటు మహిమ. గొంతు రికార్డు కాకపోతే మైకు అనుమతి చూడాలి.

ఒక్కొక్కప్పుడు తప్పు మన దగ్గరా ఉండదు, అవతలా ఉండదు. 2021 అక్టోబరు 4 రాత్రి ప్రపంచమంతటా వాట్సాప్ సుమారు ఆరు గంటలు మూగబోయింది. 2022 అక్టోబరు 25న పట్టపగలు దాదాపు రెండు గంటలు ఆగింది. అటువంటప్పుడు పక్కింటివాళ్ళను అడగడమే పరీక్ష. వాళ్ళకూ ఆగితే ఫోను జోలికి పోకుండా ఊరుకోవడమే మందు.

మందు లేని జబ్బు ఒకటుంది, అది ఆశ. "పొరపాటున మీ ఫోనుకు ఆరంకెల కోడ్ వచ్చింది, కాస్త చెప్పండి" అని తెలిసినవాళ్ళ పేరుతోనే మెసేజి వస్తుంది. బహుమతి అనో, పథకం అనో ఆశ పెడతారు. చెప్పామా, మన ఖాతా వాళ్ళ చేతికి పోతుంది. ఇక మన పేరుతో చుట్టాలందరినీ డబ్బులడుగుతారు. అలా జరిగితే వెంటనే మన నంబరుతో మళ్ళీ నమోదు కావాలి. కొత్త కోడ్ మన సిమ్ముకే వస్తుంది, దొంగ బయటికి పోతాడు. డబ్బు పోతే 1930కి ఫోను చేయాలి. ముందే 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టుకుంటే ఇంత తిప్పలు ఉండదు.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఇంటికి పోయినప్పుడు పెద్దలు ఫోను ఇస్తే మనం లాక్కుని రెండు నిమిషాల్లో సరిచేసి, విసుక్కుంటూ తిరిగి ఇస్తాం. దానివల్ల మళ్ళీ వారం వాళ్ళు మళ్ళీ మన వాకిట్లోనే. ఫోను వాళ్ళ చేతిలోనే ఉంచి, వాళ్ళ వేలితోనే నొక్కించాలి. మూడు సంగతులు నేర్పితే చాలు: గుర్తు చూసి జబ్బు ఏ ఒడ్డున ఉందో తెలుసుకోవడం, ఏది తీసేయాలన్నా ముందు బ్యాకప్ తీయడం, ఆరంకెల కోడ్ కన్నబిడ్డ అడిగినా చెప్పకపోవడం. మన సంఘం తరఫున ఒక్కొక్కరం సొంతవీధిలో పదిమందికి ఈ మూడూ నేర్పగలిగితే, సముద్రం అవతల మనుషులున్న ఇళ్ళల్లో కొన్ని రాత్రులైనా నిద్ర పడుతుంది. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడదాం.